బేతో అడిగితేనే కదిలే ఇల్లు

చిలోయె దీవుల్లో లెముయ్ ద్వీపం, తెపుకో పల్లె కాపురస్తుణ్ణి, కీర్తిశేషుడు అమాదోర్ నావెల్కిన్ కొడుకుని, పడవలు చేసే వడ్రంగిని, ముప్పై ఒక్క ఏళ్ళవాణ్ణి, ఒస్మాన్ నావెల్కిన్ అనే నేను, 2019 ఫిబ్రవరి 20వ తేదీ ఉదయం, మా ఇంట్లో కిటికీ పక్క మంచం మీద నుంచి, ఐదుగురు సాక్షులు వింటుండగా చెప్పి రాయించిన వీలునామా.

నా కడుపులో కాన్సర్ ఉంది. ఇక చేయగలిగింది లేదని జనవరిలో డాక్టర్లు చెప్పారు. ఒళ్ళు నలభై మూడు కిలోలకు దిగింది గాని బుద్ధి ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజామున వేసుకున్న నొప్పి మందు మత్తు ఇప్పుడు దిగిపోయింది. మళ్ళీ వేసుకునేలోపు ఇది పూర్తి చేయాలి. నర్సు హిమెనా నన్ను పరీక్షించడానికి ఇవాళ ఏ వారమని అడిగింది. వారం సంగతి అలా ఉంచి, వచ్చే పది రోజుల ఆటుపోట్ల వేళలు వరసగా చెప్పాను. లాంచీ నడిపే బల్తసార్ తన పట్టిక తీసి చూశాడు. ఒక్కచోట నాలుగు నిమిషాలు తేడా వచ్చింది. తప్పు పట్టికదేనని అతనే ఒప్పుకున్నాడు. కాబట్టి నా మతి సరిగ్గా ఉందనీ, ఎవరి బలవంతం మీదా ఇది రాయించడం లేదనీ చదివేవాళ్ళు నమ్మాలి.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఒకటే ఉంది. పన్నెండేళ్ళప్పుడు ఆపిల్ చెట్టు మీద నుంచి పడి, ఇక బతకనేమోనని భయపడి, నా కుక్కని బేతోకి రాసిచ్చాను. కుక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆ కాగితం మాత్రం బేతో దాచుకున్నాడు. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

బేతో అంటే ఎరిబెర్తో కొలివోరో. ఇదే పల్లె, వయసు ముప్పై మూడు, వృత్తి ఎడ్లు తోలడం. అతను నాకు ఏమవుతాడో రాయాలని పంతులమ్మ మిరెయా గారు కలం ఎత్తిపట్టుకుని అడిగారు. అన్న కాడు, బావ కాడు, చుట్టం కాడు. స్నేహితుడు అని రాయించాను. కాగితం మీద చూస్తే ఆ మాట కొంచెం చిన్నగా కనిపించింది గాని వేరే మాట దొరకలేదు.

ఒకటి. నా అంత్యక్రియల గురించి.

నన్ను మా గుడి వెనక, మా అమ్మ పక్కన పూడ్చాలి. పెట్టెకు కావలసిన దేవదారు పలకలు పాకలో కుడివైపు గోడకు ఆనించి ఉన్నాయి. ఎండాయి, వంకర లేదు. వాటిని పడవకు వాడుకుందామని ఎవరికైనా బుద్ధి పుట్టవచ్చు, నాకూ పుట్టింది, ఆపుకున్నాను. తొమ్మిది రోజుల ప్రార్థనలకు వచ్చేవాళ్ళకు మా గొర్రెల్లో రెండింటిని కోయాలి. దుంపరొట్టెల్లో పందికొవ్వు ముక్కలు ధారాళంగా పడాలి. ఎనిమిది నెలలుగా నేను కడుపునిండా తినలేదు. నా పేరు మీద మిగిలినవాళ్ళైనా తినాలి.

రెండు. మా అక్కకు.

పుంతా అరేనాస్‌లో కాపురముంటున్న మా అక్క ఎదెల్మిరాకు అమ్మ మగ్గం, అమ్మ నేసిన నాలుగు దుప్పట్లు, మిగిలిన గొర్రెలు. ఇల్లు తనకు వద్దని అక్క ఉత్తరం రాసింది, దాన్ని దీనికి జత చేస్తున్నాను. బూడిదరంగు దుప్పటి మీద కాలిన మచ్చ తనవల్ల పడిందని అక్క ఇరవై ఏళ్ళుగా బాధపడుతోంది. అది నేను చేసిన పని. అమ్మ తనని తిడుతున్నప్పుడు నేను మేజా కింద ఉన్నాను, నోరు విప్పలేదు.

మూడు. కుస్తోదియో బార్రియాకు.

ఈ ఒడ్డున పడవలు చేసే ఇంకో మనిషి కుస్తోదియో. మా ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. నేను చేసిన ఒక పడవ నీళ్ళలోకి దిగిన రోజున ఊరందరి ముందు, "బాగుందయ్యా, కాకపోతే ఎడమకు వాలుతోంది" అన్నాడు. నేను అతని పుట్టుకని, అతని తాతని, అతని మేకుల్ని తిట్టాను. అతనికి నా పనిముట్లన్నీ ఇస్తున్నాను. రెండు బాడిశలు, చిత్రికలు, మా నాన్న ఉలులు, పలకల సందుల్లో పీచు కూరే కొయ్య సుత్తి. పాకలో సగంలో ఆగిన పడవని అతనే పూర్తి చేయాలి.

అతను వంక పెట్టిన ఆ పడవ నిజంగానే వాలింది. నాలుగు వేళ్ళు, ఎడమకు. దిగీ దిగకముందే నాకు తెలుసు.

నాలుగు. కట్టెల గురించి.

నా ఇంటి చుట్టూ మూడు వైపులా చూరు తగిలేదాకా కట్టెలు పేర్చి ఉన్నాయి. అవన్నీ తెపుకో బడికి. పిల్లలు మూడు చలికాలాలు కాచుకోవచ్చు. ఒక్క మనిషికి ఇన్ని కట్టెలెందుకని చూసినవాళ్ళు అడుగుతున్నారు. అవి నేను కొట్టించినవి కావు. బేతోకి దుఃఖం ముంచుకొస్తే గొడ్డలి పట్టుకుని బయటికి పోతాడు. జబ్బు పేరు తెలిసిన రోజున పడమటి గోడ కట్టెలు లేచాయి. మొదటి మందు పనిచేయలేదన్న రోజున ఉత్తరం గోడ. జనవరి మాటకి వంటింటి కిటికీ సగం మూసుకుపోయింది, వెలుతురు రావడం లేదని నేనే ఆపించాను.

వాడి తీరే అంత. వాళ్ళమ్మ పోతున్నప్పుడు కూడా పెరట్లో కట్టెలు కొడుతూనే ఉన్నాడు. గొడ్డలి కింద పెట్టి లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకు వాణ్ణి ఎవరూ తప్పు పట్టకూడదు. నేను పోయేటప్పుడు కూడా గోడ అవతల గొడ్డలి చప్పుడే వింటానని నాకు తెలుసు. దాని గురించి వాడికి చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇక్కడ రాయించను.

ఐదు. బేతో గురించి.

ఇందులో ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు కాబట్టి దీనికి నంబరు వేయకూడదని పంతులమ్మ గారు అన్నారు. వేయమన్నాను.

కాస్ట్రో పట్నంలోని ఆసుపత్రికి నేను పద్నాలుగుసార్లు వెళ్ళాను. మా రేవులో ఆటు వేళ లాంచీ ఒడ్డుకు రాదు, రెండు వందల అడుగుల బురద దాటాలి. పద్నాలుగుసార్లూ బేతో నన్ను వీపు మీద మోశాడు. పోవడానికి, రావడానికి. వానలో, ఈదురుగాలిలో, ఒకసారి వాడికే జ్వరం ఉండగా. మొదటిసారి నేను సిగ్గుతో ముడుచుకుపోయి ఏదో గొణుగుతుంటే, "నోరు మూసుకుని మెడ పట్టుకో. జారితే ఇద్దరం తడుస్తాం" అన్నాడు. పదోసారికి నన్ను ఎత్తుకుని, తూచినట్టు ఒకసారి ఎగరేసి, "మూడు గొర్రెల బరువుండేవాడివి, ఒకటిన్నరకొచ్చావు. మోయడానికి ఇదే మేలురా" అన్నాడు. అందరూ నాతో మెల్లగా మాట్లాడే రోజుల్లో నన్ను వెక్కిరించినవాడు వాడొక్కడే. ఆ వెక్కిరింపు విన్నప్పుడే నేనింకా మామూలు మనిషిననిపించేది.

ఊళ్ళో ఇరవై మూడు ఇళ్ళున్నాయి. మోసే మగవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఒక్క వంతు మోయమని బేతో ఎవరినీ అడగలేదు. అడగడం వాడికి రాదు. నేను చూసిన మనుషుల్లో ఇంత బలమైనవాడు, ఇంత మంచివాడు, ఇంత మొండివాడు మరొకడు లేడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే పక్కనున్నవాళ్ళకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మా దీవుల్లో ఇల్లు లాగుడంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటి కింద దుంగలు పెట్టి, ఇంటిని అలాగే, గోడలతో కప్పుతో సహా, ఊరి ఎడ్లన్నీ కట్టి కావలసిన చోటికి లాగుతాం. నీళ్ళు అడ్డమొస్తే తేలుస్తాం. ఎవరూ కూలి తీసుకోరు. ఇంటివాడు కడుపునిండా పెడతాడు, అంతే. కానీ ఇంటివాడు తానే గడప గడపకీ వచ్చి నోరు తెరిచి బతిమాలాలి. అడగకుండా ఎడ్లు తోలుకుని వెళ్ళడమంటే నీకు చేతకాదని అతని మొహం మీద అన్నట్టే. మా తాతల నుంచీ ఇదే పద్ధతి.

బేతో తన ఎడ్లు క్లావెల్‌నీ లుసేరోనీ తీసుకుని ఇరవై రెండు ఇళ్ళు లాగాడు. ముందు కాడి ఎప్పుడూ వాడిదే. తాళ్ళు బిగిసి ఇల్లు కదలనంటే వాడు ఎడ్లను కొట్టడు, అరవడు, లుసేరో చెవి దగ్గర ఏదో చెబుతాడు. ఇల్లు కదులుతుంది. ఏం చెబుతావని ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. "ఎద్దుకి చెప్పిన మాట నీకెందుకు?" అంటాడు.

ఆరేళ్ళ కిందట చలికాలంలో పొయ్యి గొట్టం అంటుకుని వాడి ఇల్లు కాలిపోయింది. ఊరంతా సిద్ధమైంది. గుడి పెద్ద ఎవారిస్తో తాత దుంగలు కోయించి ఉంచాడు. పాత ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది, దాన్ని లాగి వాడి స్థలంలో పెట్టేద్దామని ఆడవాళ్ళు దుంపలు కూడా తురిమారు. బేతో వచ్చి అడగడమే మిగిలింది. బేతో రాలేదు. ఎడ్ల కొట్టంలో ఒక మూల పక్క వేసుకున్నాడు, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాడు. వాడు వస్తాడని ఊరు చూసింది. ఎవరికీ తన బరువు వద్దని వాడు అనుకున్నాడు. చివరికి ఆ ఖాళీ ఇంటిని వానలు తినేశాయి.

నేనూ అందరితోపాటు కూర్చుని చూశాను. రానీ, వచ్చి ఒక్క మాట అననీ అనుకున్నాను. స్నేహితుణ్ణి అయ్యుండి ఒక చలికాలమంతా పట్టుదలకు పోయాను. నా జీవితంలో సరిదిద్దుకోవాలనుకున్న తప్పుల్లో పడవ వాలడం రెండోది.

ఆరు. నా ఇల్లు.

ఎన్నేళ్ళు తడిసినా చివకని ఆలెర్సె చెక్క పెంకులతో మా తాత కట్టిన ఇల్లు, రెండు గదులు, వంటగది, పైన అటక, కట్టెల పొయ్యి, తలుపులు కిటికీలతో సహా. హద్దులు: ఉత్తరం, గుడి దారి. దక్షిణం, కొలివోరోల పాత ఆపిల్ తోట. పడమర, నా పడవల పాక. తూర్పు, సముద్రం.

తూర్పు హద్దు గురించి ఒక మాట. మా తాత రోజుల్లో అది వంద అడుగుల దూరం. ఈ ఉదయం బల్తసార్ చేత కొలిపిస్తే పద్దెనిమిది అడుగులుంది. ప్రతి చలికాలం గట్టు ఒక ముక్క ఊడి పడుతోంది. మహా అయితే ఇంకో రెండు చలికాలాలు. ఆ తర్వాత ఈ ఇంటిని చేపలు కాపురముండటానికి తీసుకుంటాయి.

ఈ ఇంటిని ఎరిబెర్తో కొలివోరోకి సర్వహక్కులతో, అతని తర్వాత అతని వాళ్ళకు చెందేలా రాసిస్తున్నాను. అతని కాలిపోయిన ఇంటి స్థలం అఖాతం అవతలి ఒడ్డున, ఈ మంచం మీద నుంచి నాకు కనిపించేంత దూరంలో ఉంది. ఇల్లు అక్కడికి చేరాలి.

ఏడు. షరతు.

ఇల్లు బేతోది కావాలంటే, 2020 మార్చి పౌర్ణమి పోటులోపు, ఊళ్ళోని ఇరవై మూడు ఇళ్ళకూ స్వయంగా వెళ్ళి ఇల్లు లాగుడికి రమ్మని అడగాలి. కబురంపితే చెల్లదు. ఫోన్లో మెసేజీ పెడితే చెల్లదు. ఎడ్లను వాళ్ళ గుమ్మం ముందు నిలబెట్టి, వాళ్ళే అర్థం చేసుకుంటారని ఊరుకుంటే చెల్లదు. వాడు ఇది చేస్తాడని నాకు అనుమానం ఉంది కాబట్టి ప్రత్యేకంగా రాయిస్తున్నాను. వంటింటి తలుపు గుండా లోపలికి వెళ్ళాలి. టోపీ తీయాలి. కూర్చోమంటే కూర్చోవాలి. ఆపిల్ కల్లు ఇస్తే తాగాలి, ఇరవై మూడు ఇళ్ళు ఒకే రోజు తిరగకపోతే మంచిది. తర్వాత ఈ మాట పైకి అనాలి: "ఇల్లు లాగాలి. మీ ఎడ్లతో రండి. బతిమాలుకుంటున్నాను."

ఒంటరిగా జాకీలు పెట్టి తానే లాగబోతే షరతు తప్పినట్టే. నవ్వకండి, వాడు ప్రయత్నించగలడు.

ఎందుకీ షరతని వాడు కోపగించుకుంటాడు. చెబుతాను. జబ్బు పడకముందు నేనూ ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాదు. ఇప్పుడు మంచినీళ్ళు అడుగుతున్నాను. అటు తిప్పమని, ఇటు తిప్పమని, దిండు సర్దమని అడుగుతున్నాను. మొదట్లో చచ్చిపోతే బాగుండనిపించేది. తర్వాత చూశాను, నేను అడిగినప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు విచ్చుకుంటాయి. ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఒక గ్లాసు నీళ్ళు తెమ్మని చెబితే, పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టు పరిగెత్తుతాడు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎదుటివాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టేయడం అది.

నేను పోయాక బేతో కొట్టంలో కూర్చుంటాడు. తినడు. పిలిస్తే పలకడు. కట్టెలు కొడతాడు. వాడు ఇరవై మూడు వంటిళ్ళలో ఇరవై మూడు పొయ్యిల ముందు కూర్చోవాలని నా కోరిక. ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు వాణ్ణి ఇంకాసేపు ఉండమంటారు.

ఎనిమిది. షరతు తప్పితే.

అప్పుడు ఇల్లు కాస్ట్రోలో ఉండే నా పినతండ్రి కొడుకు నోల్బెర్తోకి పోతుంది. అతను నన్ను పరామర్శించడానికి వచ్చి, దుఃఖంలో ఉండగానే జేబులోంచి కొలత టేపు తీశాడు. గోడలకున్న ఆలెర్సె పెంకులు ఊడబీకి, సాంతియాగో వాళ్ళు కట్టుకునే వేసవి విడిదిళ్ళకు అమ్ముతాడు. మా తాత చేత్తో చీల్చిన పెంకు ప్రతిదీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి స్నానాలగది అలంకారమవుతుంది. బేతోకి ఈ సంగతి నచ్చదని తెలిసే రాయించాను.

తొమ్మిది. చిన్నవి.

రేడియో గుడి పెద్ద ఎవారిస్తో తాత మనవరాలికి. ఉన్ని టోపీ ఎవరికీ వద్దు, నాతోనే పెట్టాలి.

వంటింటి తలుపు చట్రం మీద నాలుగేళ్ళ వయసు నుంచీ నేనూ బేతో ఒకరినొకరు నిలబెట్టి గీసుకున్న గీతలున్నాయి. ఎప్పుడూ వాడిదే పైన. ఒక్క ఏడాది నాది ఒక వేలు పైనుంది, ఆ ఏడు నేను కర్ర చెప్పుల అడుగున మేకులు కొట్టి ఎత్తు పెంచుకున్నాను. ఆ చట్రానికి చిత్రిక పట్టకూడదు, రంగు వేయకూడదు.

పది. అమలు.

ఈ వీలునామా అమలు చేయవలసినవారు ఇది రాసిపెట్టిన పంతులమ్మ మిరెయా ఓయార్సున్ గారు. పిల్లలు దిక్కులు చూస్తే చాక్‌పీసు విసిరే మనిషి, బేతోకి భయపడరు. నేను బతికుండగా ఇందులోని సంగతి బేతో చెవిన పడకూడదని సాక్షులందరి చేతా మాట తీసుకున్నాను. బల్తసార్ చేత రెండుసార్లు తీసుకున్నాను.

చదివి వినిపించగా విని, ఒప్పుకుని చేసిన సంతకం:
ఒస్మాన్ నావెల్కిన్

సాక్షులు:
ఎవారిస్తో రాయిన్, గుడి పెద్ద
బల్తసార్ చిగ్వాయ్, లాంచీ నడిపేవాడు
హిమెనా బాహమోందె, నర్సు
సునిల్దా లెపియో, అంగడి
అబెలినో గినేయో, రెండు జతల ఎడ్ల ఆసామి

దస్తూరి: మిరెయా ఓయార్సున్

వీలునామాకు అనుబంధం

పైన చెప్పిన ఒస్మాన్ నావెల్కిన్ అనే నేనే, 2019 మార్చి 24వ తేదీన, అదే ఇంట్లో, అదే గదిలో, అదే మంచం మీద నుంచి, అదే ఐదుగురు సాక్షుల ఎదుట రాయిస్తున్నది. నన్ను మంచం మీద నుంచి ఎవరూ దించలేదు. అయినా చోటు మారింది. ఎలాగో కింద చెబుతున్నాను.

ఒకటి. వీలునామా సంగతి బల్తసార్ లాంచీ అవతలి రేవుకు చేరేలోపే అందరికీ తెలిసింది. అతన్ని క్షమించాను. తప్పు నాది, మూడుసార్లు మాట తీసుకోవలసింది.

రెండు. ఆ తర్వాత రెండు రోజులు బేతో నా దగ్గరికి రాలేదు. ఎనిమిది నెలల్లో వాడు రాని రోజు అంతవరకూ లేదు. గొడ్డలి చప్పుడు కూడా లేదు. అంతా చెడగొట్టుకున్నానని అనుకున్నాను. చివరి రోజుల్లో ఉన్న ఒక్క స్నేహితుణ్ణి ఒక కాగితం ముక్క పెట్టి తరిమేశానని గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇది రాయొద్దని హిమెనా అంది. రాయించాను.

మూడో రోజు మధ్యాహ్నం వంటింటి తలుపు తెరుచుకుంది. బేతో ఎప్పుడూ ముందు తలుపు తోసుకుని నేరుగా నా మంచం దగ్గరికి వచ్చేవాడు. ఆ రోజు వంటింటి గుండా వచ్చి, టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు తడిపి దువ్వాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. కల్లు పోయమని హిమెనాకి చెప్పాను. తాగాడు. గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు:

"ఇరవై మూడిళ్ళలో నీదొకటి. అందుకని ముందు ఇక్కడికొచ్చా. ఇల్లు లాగాలి. నీకు ఎడ్లు లేవు, తెలుసు. అయినా నువ్వు రావాలి. వచ్చే ఏడు కాదు. ఈ పౌర్ణమికే. నువ్వు లోపలుండగానే. బతిమాలుకుంటున్నానురా."

వస్తానన్నాను.

మూడు. మిగిలిన ఇరవై రెండు ఇళ్ళూ నాలుగు రోజుల్లో తిరిగాడు. అంగడి నడిపే సునిల్దా వాళ్ళింట్లో అడగబోయి, బదులుగా సబ్బు కొనుక్కుని బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళాడని ఆమే చెప్పింది. ఎవారిస్తో తాత ఆరేళ్ళ కిందటి దుంగలు ఇంకా తన పాకలోనే ఉన్నాయని చూపించాడు. "నువ్వొస్తావని పొయ్యిలో పెట్టలేదురా" అన్నాడట. ప్రతి ఇంట్లోనూ ఇంకాసేపు ఉండమన్నారు. ఏ ఒక్కరూ రాలేమనలేదు.

మార్చి 22న పంతొమ్మిది కాడి ఎడ్లు వచ్చాయి. పొయ్యి చల్లార్చారు, కిటికీలకు పలకలు బిగించారు, నా మంచాన్ని నేలకు మేకులు కొట్టి కట్టేశారు. ఇంటి నెత్తిన జెండా పెట్టారు. నా కిటికీకి కొట్టిన పలకల్లో ఒక సందు ఉంచమన్నాను. అందులోంచి ముందు కాడిని చూశాను. తాళ్ళు బిగిశాయి, ఇల్లు మూలిగింది, కదల్లేదు. బేతో వంగి లుసేరో చెవిలో చెప్పాడు. ఈసారి నాకు వినిపించింది, ఎందుకంటే వాడు గట్టిగానే అన్నాడు: "లోపల వాడున్నాడు. మెల్లగా."

ఇల్లు నడిచింది. పోటు వేళకు నీళ్ళలోకి దిగింది. పీపాలు కట్టి, ఆరు లాంచీలు లాగుతుంటే మా తాత ఇల్లు సముద్రం మీద తేలింది. నేను ఎన్నో పడవలు చేశాను గాని, పుట్టిన ఇంట్లో పడుకుని ప్రయాణం చేయడం అదే మొదలు. పక్క పడవలోంచి కుస్తోదియో బార్రియా గొంతు వినిపించింది: "బాగుందయ్యా ఒస్మానూ. కాకపోతే ఎడమకు వాలుతోంది." పొట్ట పట్టుకుని నవ్వాను, నొప్పి మందు వేసుకోవలసి వచ్చింది. కుస్తోదియోతో మాటలు కలిశాయి. మూడో అంశం యథాతథం.

నాలుగు. షరతు నెరవేరింది. ఇల్లు ఈ రోజు నుంచే, నేను బతికుండగానే, ఎరిబెర్తో కొలివోరోది. నేను అతని ఇంట్లో అతిథిని. ఎనిమిదో అంశం రద్దు, నోల్బెర్తో టేపు జేబులో పెట్టుకోవచ్చు. కొత్త హద్దులు: ఉత్తరం, అబెలినో కంచె. తూర్పు, కొండవాలు. దక్షిణం, ఎడ్ల కొట్టం. పడమర, సముద్రం, నూట నలభై అడుగుల దూరం. తలుపు చట్రం మీది గీతలు క్షేమం.

ఐదు. కట్టెలు బరువని పాత ఒడ్డునే వదిలాం, నాలుగో అంశం ప్రకారం బడికి చేరుతున్నాయి. ఇక్కడ పొయ్యి పక్కన ఒక్క పెట్టెడు మాత్రమే ఉన్నాయి.

ఆరు. నాలుగో అంశంలో, బేతోకి చెప్పాల్సింది ఒకటుందనీ రాయించననీ అన్నాను. ధైర్యం లేక అన్నాను. ఊరంతటి ముందు వాణ్ణి నోరు తెరవమని షరతు పెట్టినవాణ్ణి, నేను మాత్రం అడగవలసిన ఒక్క మాట అడగకుండా దాచుకున్నాను. ఇది న్యాయం కాదు. ఇప్పుడు అడుగుతున్నాను.

బేతో, నిన్ను నేనెప్పుడూ ఏదీ అడగలేదు. అడిగేలోపే చేసేవాడివి. పద్ధతి ప్రకారం అడుగుతున్నాను, ఉన్ని టోపీ కూడా తీయించాను, కింద జుట్టు లేనందుకు మన్నించు. నేను పోయే వేళకు నువ్వు ఇక్కడ ఉండాలి. పెరట్లో కాదు, కొట్టంలో కాదు, గోడ అవతల కాదు. ఈ గదిలో, ఈ కుర్చీలో. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నాకు భయంగా ఉంది. బతిమాలుకుంటున్నాను.

సంతకం చేయడానికి చెయ్యి నిలవనందున వేలిముద్ర:
ఒస్మాన్ నావెల్కిన్

సాక్షులు:
ఎవారిస్తో రాయిన్
బల్తసార్ చిగ్వాయ్
హిమెనా బాహమోందె
సునిల్దా లెపియో
అబెలినో గినేయో

దస్తూరి: మిరెయా ఓయార్సున్

రాసినవారి గమనిక: పై అనుబంధం మొత్తం ఎరిబెర్తో కొలివోరో గారి సమక్షంలో చదివి వినిపించాను. లబ్ధిదారు కావడం వల్ల ఆయన చేత సాక్షి సంతకం తీసుకోలేదు. ఆరో అంశం చదువుతుండగా పొయ్యి పక్కనున్న పెట్టెలో కట్టెలు అయిపోయాయి. గొడ్డలి తలుపు వెనకే ఉంది. ఆయన దాని వైపు ఒకసారి చూసి, కుర్చీని మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. కట్టెలు నేను వెళ్ళి అబెలినో ఇంట్లో అడిగి తెచ్చాను.